సాంచెలు ఆపిన వారం

మా మేనకోడలు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా పియానో. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారిణి. వాయించాల్సింది ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది.

ఇది జరిగింది మొన్నటి ఎండాకాలం, జగిత్యాలలో ఒక ప్రైవేటు బడి పై అంతస్తులో. గది తలుపుకు చిన్న అద్దం ఉంది. వరండాలో బల్ల మీద కూర్చున్న నాకు అందులోంచి ఆ పిల్ల వీపు, జడ, కుడి మోచెయ్యి కనిపిస్తున్నాయి. మొదటి వరుసలు బాగానే వచ్చాయి. తర్వాత నడక మారింది. కొంచెం నెమ్మదించింది. ఆ సంగతి తనకే తెలిసినట్టు ఒక్కసారిగా తొందరపడింది. మళ్లీ బాగా నెమ్మదించి ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. పరీక్షాధికారిణి మెత్తగానే ఏదో అంది. పిల్ల మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఇంచుమించు అక్కడే ఆగింది. మూడోసారి మొదలుపెట్టలేదు.

నా పక్కన కూర్చున్న అమ్మాయి మా మేనకోడలికి పియానో నేర్పిన టీచర్. కోరుట్లలో ఒక బడిలో సంగీతం చెప్పేది. ఆమె నా వైపు వంగింది.

"గిదేంది సార్? పది దినాల కింద వీడియో పంపింది. ఒక్క తప్పు లేదు. నేనే రెండుసార్లు విన్న."

"భయపడ్డట్టున్నది అమ్మా," అన్నాను.

"భయపడే పిల్ల కాదు సార్."

బయటికి వచ్చాక పిల్ల ఏడవలేదు. టీచర్ కాళ్లకు దండం పెట్టి, నా చేతిలో ఉన్న సంచి తీసుకుని, మెట్లు దిగింది. బస్టాండులో వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు కోసం నిలబడ్డాం. నేను కొన్న మజ్జిగ ప్యాకెట్ అలాగే పట్టుకుని ఉంది. చాలాసేపటికి అంది.

"మామా, ఆడ చప్పుడు లేదు."

"పరీక్ష గదిల చప్పుడెందుకుంటదే?"

బస్సు వచ్చింది. సిరిసిల్ల చేరేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఆ పరీక్ష ఆమెకు ఎందుకంత అవసరమో చెప్పాలి. కోరుట్ల టీచరుకు పెళ్లి కుదిరింది, ఊరు వదిలి వెళ్లిపోతోంది. తన చోట మా పిల్లను తీసుకోమని బడివాళ్లతో చెప్పింది. వాళ్లు సరేనన్నారు గాని, ఈ పరీక్ష పాసై గ్రేడు సర్టిఫికెట్ తెస్తేనే అన్నారు. డిగ్రీ పూర్తయిన పిల్లకు సిరిసిల్లలో వేరే పని దొరకదని కాదు. నూలు దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చోబెడతామన్నవాళ్లు ఉన్నారు. ఆమే వద్దంది. "నాకు గా బడిల సంగీతం గదిల పిల్లలతోని కూసునుడే కావాలె మామా. ఇంకోటి వద్దు," అంది. ఏదైనా కావాలని అంత గట్టిగా ఆమె అడగడం నేనెప్పుడూ వినలేదు.

*

పియానో ఆమెకు అంటుకున్నది కోరుట్లలో, మా ఇంట్లో. ఇంటర్ చదవడానికి మా దగ్గరికి వచ్చింది. మా వాడకట్టులోనే ఆ టీచర్ ఉండేది, సాయంత్రాలు పిల్లలకు నేర్పేది. మా ఇంటావిడా, పిల్లా కూరగాయలకు పోయి వస్తూ ఒకరోజు ఆమె కిటికీ కింద నిలబడి విన్నారట. మర్నాడే చేరతానని పిల్ల పట్టుబట్టింది. ఒక చిన్న కీబోర్డు తెచ్చాం. అందరం దాన్ని పియానో అనే అనేవాళ్లం.

మొదటి నెల అన్నం తినడానికి కూడా లేపాల్సి వచ్చేది. తర్వాత అందరి ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. కీబోర్డు మీద మడతపెట్టిన బట్టలు చేరాయి. మా ఇంటావిడ ఒక పద్ధతి పెట్టింది. చదువు అయ్యాక అరగంట వాయిస్తేనే ఫోన్. పిల్ల అరగంట కూర్చునేది. వేళ్లు మెట్ల మీద, కళ్లు గోడ గడియారం మీద.

"గట్ల గడియారం దిక్కు జూస్కుంట వాయిస్తే ఏం లాభమే?" అనేది మా ఇంటావిడ.

"ఇయ్యాల మనసు వడ్తలేదత్తా. రేపు గంట జేస్త."

ఆ రేపు టీచర్ దగ్గరికి వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం వచ్చేది. వారం మొత్తం సాధన ఒక్క పూటలో ఊపిరాడకుండా జరిగేది. టీచర్ తిట్టేది. రెండు రోజులు బుద్ధిగా ఉండేది. మళ్లీ మామూలే.

నేను కోప్పడలేదు. నాకు ఆ జబ్బు బాగా తెలుసు. నేను పత్రికలో జిల్లా పేజీకి రాసి, తర్వాత డెస్కు మీద కూర్చుని బతికినవాణ్ని. ఇన్నేళ్లలో పొద్దున లేవగానే 'ఇవాళ రాయాలి' అని మనసు ఉవ్విళ్లూరిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి, చుట్టూ నలుగురు కీబోర్డులు టకటకలాడిస్తున్నారు, అందుకే రాశాను. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని, చాలా రోజులుగా అనుకుంటున్న మంచి వ్యాసం రాద్దామనుకున్న ప్రతిసారీ ఫ్యాను రెక్కలు తుడిచి పడుకున్నాను. ఈ సంగతి పిల్లకు చెప్తే నవ్వింది. "అయితె నాకు సుత ఒక ఆఫీసు పెట్టియ్యి మామా," అంది.

ఇంటర్ అయిపోయింది. డిగ్రీకి సిరిసిల్లలోనే చేరింది. పియానో ఇక మూలన పడుతుందని మేమంతా అనుకున్నాం.

సిరిసిల్లలో మా అక్క వాళ్లది నేత ఇల్లు. బావ తండ్రి చేమగ్గం నేశాడు. బావ నాటికి కరెంటు మగ్గాలు వచ్చాయి. అక్కడ వాటిని సాంచెలు అంటారు. ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు, అందులో ఆరు సాంచెలు. బావ, అక్క ఇద్దరూ వాటి మధ్య తిరుగుతూ నడిపిస్తారు. బావ తల్లి, పిల్లకు బాపమ్మ, గడప దగ్గర కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. సాంచెలు నడుస్తుంటే ఆ ఇంట్లో మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. మొదటిసారి వెళ్లినవాళ్లకు తల తిరుగుతుంది. నాకే అలవాటు కావడానికి కొన్నేళ్లు పట్టింది.

ఆ ఇంటికి కొత్త పియానో ఒకటి వెళ్లింది. మల్లాపూర్‌లో మాకు తెలిసిన ఒకాయన దుబాయి నుంచి కార్గోలో తెప్పించుకున్నది. మెట్లన్నీ ఉన్నది, నొక్కితే వేలికి కాస్త బరువు తెలిసేది, కరెంటుతో నడిచేది. వాళ్లింట్లో ఎవరూ ముట్టుకోక అటక మీద ఉండిపోయింది. మా పిల్ల సంగతి విని ఇచ్చేశాడు. నూలు బస్తాలు మోసే ట్రాలీ ఆటోలో సిరిసిల్ల చేరింది. పెట్టడానికి చోటున్నది ఒక్కటే గది, షెడ్డు గోడకు ఇవతల. ఆ గోడను ఆనుకుని అవతల ఒక సాంచె ఉంటుంది. అది నడిస్తే గోడ మీది క్యాలెండర్ వణుకుతుంది.

"గీడ ఏం వినవడ్తదే అక్కా? పియానో వెట్టే జాగేనా ఇది?" అన్నాను.

"ఉన్నదే గింత జాగ తమ్మీ. వాయిస్తె వాయిస్తది, లేకుంటె బియ్యం డబ్బలు వెట్టుకుంట దాని మీద," అంది అక్క.

కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద వెళ్లాను. పొద్దున్నే బావ షెడ్డులోకి వెళ్లి సాంచెలు మొదలుపెట్టాడు. ఇవతల గదిలో పిల్ల పియానో స్విచ్చి వేసింది. ఎవరూ చెప్పలేదు. కాలేజీ టైమయ్యేదాకా లేవలేదు. సాయంత్రం వచ్చి, మొహం కడుక్కుని, చాయ్ తాగి, మళ్లీ కూర్చుంది. బావ సాంచెలు ఆపినప్పుడు తనూ ఆపింది.

"రోజు గిట్లనేనా?" అక్కను అడిగాను.

"రోజు గిట్లనే. ఆయన సాంచెలు సురు జేసిండంటె ఇది గీడ కూసుంటది. నేనే లేపాలె."

పిల్లను అడిగాను, మా ఇంట్లో రాని బుద్ధి ఇక్కడ ఎట్లా వచ్చిందని. కాస్త సిగ్గుపడింది.

"ఏమో మామా. బాపు పనిల ఉంటడు, అమ్మ పనిల ఉంటది, బాపమ్మ సుత కండెలు సుడ్తది. నేనొక్కదాన్నే ఏం జేయకుంట ఎట్ల కూసుంట? సాంచెలు మొదలైతె నా కాళ్లు గటే పోతయి."

గడప దగ్గర నుంచి ముసలమ్మ అందుకుంది. ఆమెకు చెవి సరిగ్గా వినబడదు గాని తన మీద మాట పడితే మాత్రం వినబడుతుంది.

"అవ్ మరి, నేనొక్కదాన్ని కూసొని తింటున్ననా? నువ్వయితె నాలుగొద్దుల సంది గదే పాట కొడ్తున్నవ్. ఇంకోటి రాదానె నీకు?"

"పరీక్షది గదే బాపమ్మా!"

"పరీక్షకు పాటలేంది? మా కాలంల పాట పాడితె సాలు, పరీక్ష లేకుండె."

ఇలా మూడేళ్లు నడిచింది. టీచర్ దగ్గరికి ప్రతివారం కోరుట్ల రావడం కుదరదు కాబట్టి పాఠాలు వీడియో కాల్‌లో సాగాయి. వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి పంపేది. సాంచెల చప్పుడు దాటి పియానో వినిపించేలా ఫోన్‌ను మెట్ల పక్కనే పెట్టేది. "మీ బాపు సుత వాయిస్తున్నడా ఏందే?" అని టీచర్ నవ్వేదట. అయినా పిల్ల నడక గడియారంలా ఉందని, ఇంత కుదురు ఎక్కడా చూడలేదని నాకు ఫోన్ చేసి మరీ చెప్పేది.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఒక విషయం ఎవరికీ తట్టకపోవడంలో వింత లేదు. కరెంటు పోతే సాంచెలు ఆగేవి, పియానో కూడా ఆగేది. సాంచెలకు సెలవున్న రోజు పిల్లకూ సెలవే. ఆ ఇంట్లో నిశ్శబ్దం ఉన్నప్పుడు పియానో లేదు. పియానో ఉన్నప్పుడు నిశ్శబ్దం లేదు.

*

పరీక్ష తేదీ వచ్చాక బావ ఒక నిర్ణయం తీసుకున్నాడు. పరీక్షకు ముందు వారం, పిల్ల వాయించుకునే పూటల్లో సాంచెలు బంద్.

అది చిన్న మాట కాదు. చీరల ఆర్డర్ నడుస్తున్న రోజులవి. సాంచె ఆగితే గుడ్డ ఆగుతుంది. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే సేటు ఊరుకోడు. అక్క నాకు ఫోన్ చేసి చెబితే బావతో మాట్లాడాను.

"బావా, ఆర్డర్ ఉండంగ ఆపుడేంది?"

"ఉంటది తీయ్ బామ్మర్దీ, ఆర్డర్ యాడికి వోతది? రాత్రి కొంచెం ఎక్కువ నడిపిస్త. మూడేండ్ల సంది గా పొల్ల గీ లొల్లిల వాయించింది. ఒక్క దినమన్న మంచిగ తన పాట తనకు వినవడ్డదా? పరీక్షంటె మాటలా?"

అంతటితో ఆగలేదు. సాంచెలున్న పక్కింటాయన దగ్గరికి పోయి, పొద్దటి పూట షెడ్డు కిటికీలు మూసుకొమ్మని అడిగాడు. ఆయన మూసుకున్నాడు. ముసలమ్మను కండెలు చుట్టే రాట్నంతో సహా వెనక వసారాలోకి పంపారు. "పొల్ల సదువుకేమొ నేనే అడ్డమైన్నా?" అని ఆమె గొణుక్కుంటూ పోయిందట. ఆ వారంలో నేను ఫోన్ చేసినప్పుడల్లా అక్క గొంతు తగ్గించి మాట్లాడేది. "ఇల్లంత గుడి లెక్క ఉన్నది తమ్మీ. చెవులకు హెడ్‌ఫోన్లు వెట్టుకొని ఒక్కతీరు వాయిస్తున్నది," అని మురిసిపోయేది.

ఆ వారం నిజంగా ఏం జరిగిందో పరీక్ష అయ్యాక నెలకు గాని మాకు తెలియలేదు.

ఆ నెలంతా పిల్ల పియానో ముట్టుకోలేదు. ఎవరికి తోచిన కారణం వాళ్లు అనుకున్నారు. అక్క దిష్టి తీసింది. అసలు పియానో మెట్లు బరువుగా ఉంటాయి, అలవాటు లేక తడబడి ఉంటుందని టీచర్ అంది. నేను భయమే అనుకున్నాను.

నేను వెళ్లేసరికి పియానో మీద గుడ్డ కప్పి ఉంది. గోడ అవతల సాంచెలు నడుస్తున్నాయి. పిల్ల వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. మధ్యాహ్నం భోజనానికి బావ సాంచెలు ఆపి వచ్చాడు. చేతులకు నూనె, భుజాల మీద నూలు దుమ్ము. పీట మీద కూర్చున్నాడు. కాసేపు అన్నం కలుపుతూ ఉండి, పిల్ల వైపు చూడకుండా నాతో అన్నాడు.

"తప్పు నాదే బామ్మర్దీ."

"నువ్వేం జేసినవ్ బావా?"

"వారం దినాలు ఏం సాలుతది? నెల రోజుల ముంగట్నే బంద్ వెట్టేదుండె. పాస్ గాకుంటె మల్ల రాసుకోవచ్చునట గద. గీసారి నెల వెడ్త. సేటుకు గిప్పుడే జెప్పి వెడ్త. ఏమన్న అననీ."

పిల్ల చేతిలో గంటె ఉంది. చారు పోయబోతున్నది అలాగే ఆగింది.

"వద్దు బాపు."

"నువ్వూకో. నీకు దెల్వది."

"వద్దు బాపు! నెల బంద్ వెడితె నాకు అసలే రాదు!"

అందరం ఆమె వైపు చూశాం. గంటె గిన్నెలో పెట్టి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. సాంచెలు ఆపిన మొదటి రోజే వాయించడం రాలేదట. గోడ అవతలి సాంచె దెబ్బ మీదే ఆమె లెక్క ఉంది. ఆరింటిలోనూ అదొక్కటే గోడలోంచి, నేలలోంచి ఆమె కాళ్లకు తగిలేది. ఆ దెబ్బకు ఎడమ చెయ్యి పడేది, కుడి చెయ్యి దాని వెంట పోయేది. లెక్కపెట్టుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అది ఆగిపోయాక తన చేతులు తనవి కాదనిపించాయట. ఊళ్లోని సాంచెల చప్పుడు దూరం నుంచి వాన పడుతున్నట్టు వినిపించేది గాని దానికి దెబ్బ దొరికేది కాదు.

"మరి రోజంత వాయిస్తివి గదనే?" అంది అక్క.

"వాయించలే అమ్మా. రెండో దినం సంది హెడ్‌ఫోన్లు వెట్టుకొని ఉత్తగ కూసున్న. నడ్మ నడ్మ మెట్లు ఒత్తిన, టక్కు టక్కు అన్నది మీకు వినవడాలెనని."

"నాకొక్క మాట జెప్పద్దా?" అన్నాడు బావ.

"ఎట్ల జెప్పాలె బాపు? నా కోసం పని బంద్ వెట్టుకొని నువ్వు అర్ర బయట చెప్పులిడ్సి నడుస్తున్నవ్. సాంచెలు నడిపియ్యి, లేకుంటె నాకు రాదు అని ఎట్ల జెప్పాలె?"

బావ చేతిలో ముద్ద అలాగే ఉంది. జరిగిందేమిటో ముసలమ్మకు సగమే వినబడింది. "ఏమైందుల్లా? ఎందుకేడుస్తున్నది?" అని అడిగింది. అక్క ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. ముసలమ్మ అంతా విని, కొడుకు వైపు తిరిగింది.

"నన్ను వసారలకు ఎల్లగొడ్తివి గద. ఇగ జూసుకో."

పిల్ల ఏడుపులోనే నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని షెడ్డులోకి వెళ్లాడు. గోడ అవతలి సాంచె ఒక్కదాన్నే నడిపించాడు. క్యాలెండర్ వణికింది. మళ్లీ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఏదీ, వాయించు," అన్నాడు.

పిల్ల గుడ్డ తీసి కూర్చుంది. పరీక్షకు నేర్చుకున్నది మొదటి నుంచి చివరిదాకా వాయించింది. నెల రోజులు ముట్టుకోని చేతులు కాబట్టి అక్కడక్కడా తప్పులు దొర్లాయి. నడక మాత్రం ఎక్కడా చెదరలేదు. నాకు సంగీతం తెలియదు. అయినా ఆ రోజు తెలిసింది, ఎడమ చెయ్యి ఎక్కడ పడుతోందో, గోడ ఎక్కడ అదురుతోందో.

*

తర్వాతి సంగతులు ఇంత సులభంగా లేవు. జబ్బు తెలిసింది గాని మందు ఎవరి దగ్గరా లేదు. పరీక్ష గదిలోకి సాంచెను తీసుకుపోలేం కదా. తీసుకుపోయినా కోరుట్ల బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఏం చేస్తుంది?

టీచర్‌కు ఫోన్‌లో విషయం చెప్పాం. ఆమె చాలాసేపు నవ్వి, తర్వాత బాధపడింది. వీడియోల్లో వింటూ కూడా తాను పట్టుకోలేకపోయానంది. పియానోలోనే తాళం కొట్టే మీట ఒకటి ఉంటుంది, అది పెట్టుకుని వాయించమంది. అంతకు ముందు సాంచెల హోరులో అది వినబడదు కాబట్టి పిల్ల ఎప్పుడూ నొక్కి చూడలేదు. ఇప్పుడు సాంచెలు ఆగిన పూటల్లో నొక్కి కూర్చుంది. కొన్ని రోజులు చేసింది. లెక్క కుదురుతోంది గాని కూర్చోవాలనిపించడం లేదంది.

"గది గోడ గడియారం లెక్కనే ఉన్నది మామా, టిక్కు టిక్కుమనుకుంట. నేనున్నా గట్లనే అంటది, లేకున్నా గట్లనే అంటది. సాంచె కాడయితె బాపు ఉంటడు."

అంటే కష్టం రెండు చోట్ల ఉంది. చేతులకు దెబ్బ కావాలి. మనిషికి పక్కన పనిచేసే మనుషులు కావాలి. నాకైతే రెండోదే పెద్దదనిపించింది. మొదటిది మీట నొక్కితే వస్తోంది కదా.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. మామూలు రోజుల్లో సాంచెలతో పాటే వాయిస్తుంది. అది మాన్పించవద్దని టీచరే చెప్పింది. బావ రోజూ ఒక్కసారి, చెప్పకుండా, గోడ పక్క సాంచెను ఆపేస్తాడు. మిగతా ఐదూ నడుస్తుంటాయి. పిల్ల ఆగకుండా ఎంత దూరం పోగలదో పోవాలి. మొదట్లో ఆపగానే తనూ ఆగిపోయి గోడను కొట్టేది. "చెప్పి ఆపు బాపు!" "చెప్పి ఆపితె ఇంకేముంటది?" ఇది వాళ్లకు ఆటలాగా అయింది. ముసలమ్మ ఇందులో తానూ ఒక చెయ్యి వేస్తోంది. సాంచె ఆగినట్టు ఆమెకు కాళ్ల కింద తెలుస్తుందట. వెంటనే "ఆగకు, ఆగకు," అని గడప దగ్గర నుంచి అరుస్తుంది. పిల్లకు అది ఇంకా అడ్డం. ఆ సంగతి ఎవరూ ముసలమ్మకు చెప్పలేదు.

ఆదివారాలు కోరుట్లకు మా ఇంటికి వస్తుంది. మా పాత చిన్న కీబోర్డు దుమ్ము దులిపి పెట్టాం. మా వీధి మధ్యాహ్నం చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆమె వాయిస్తున్నంతసేపూ మేమిద్దరం అదే గదిలో ఏదో ఒక పని పెట్టుకుంటాం. ఇది మా ఇంటావిడ ఆలోచన. ఆమె కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంది. నేను జిల్లా విశేషాల మీద వారానికొకటి రాసే కాలమ్ ఆ పూటకే దాచుకుంటున్నాను. టైపు చేస్తూ ఉంటాను. పిల్ల ఆగితే మేం తల ఎత్తం. ఆగిన చోటు నుంచి అందుకునేదాకా మా పని మేం చేసుకుంటాం. నిజం చెప్పాలంటే ఈ ఏర్పాటు వల్ల నా కాలమ్ కూడా గడువుకు ముందే అందుతోంది. డెస్కు మీద కుర్రాళ్లు ఆశ్చర్యపోతున్నారు.

కొన్ని ఆదివారాలు బాగుంటాయి. ఒక్కోసారి చివరిదాకా వస్తుంది, చివర్లో కొంచెం పరుగెత్తుతుంది. మరికొన్ని ఆదివారాలు పరీక్షలో ఆగిన చోటే ఆగుతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది. అప్పుడు మా ఇంటావిడ తొడిమలు తీస్తూనే, "ఏమే, గింతసేపు ఉత్తగ కూసుంటె నాకు మిరపకాయలు అందియ్యి," అంటుంది. పిల్ల నాలుగు అందించి మళ్లీ మొదలుపెడుతుంది.

బావ ఇంకా పూర్తిగా తేరుకోలేదు. పోయినసారి వెళ్లినప్పుడు నన్ను షెడ్డులోకి పిలిచి, చప్పుడులో చెవి దగ్గర అడిగాడు.

"నిజం జెప్పు బామ్మర్దీ. ఈ సాంచెల నడ్మ పెరిగినందుకేనా దానికి గిట్లయింది?"

"ఈ సాంచెల నడ్మ పెరిగినందుకే పియానో వచ్చింది బావా. మా ఇంట్లయితె బట్టల కిందనే ఉండె గద," అన్నాను.

ఆయనకు సగం నమ్మకం కలిగినట్టుంది. తెగిన పోగు అతకడానికి వంగాడు.

పరీక్షలో ఆమె తప్పినట్టు కాగితం వచ్చింది. మళ్లీ రాయడానికి పేరు ఇచ్చింది. జగిత్యాల కేంద్రంలో తర్వాతి పరీక్ష ఎప్పుడు పెడతారో ఇంకా చెప్పలేదు. తగినంత మంది పేర్లు ఇస్తేనే హైదరాబాదు నుంచి మనిషి వస్తుందట. కోరుట్ల టీచర్ వెళ్లిపోయింది. ఆ బడిలో సంగీతం పీరియడ్ ఇప్పుడు లెక్కల పంతులు చూస్తున్నాడు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేదాకా చూస్తామని, తర్వాత ఇంకెవరినైనా తీసుకుంటామని బడివాళ్లు చెప్పారు. ఆలోగా పరీక్ష ఉంటుందా లేదా అని నేను మొన్న సోమవారం కూడా జగిత్యాల కేంద్రానికి ఫోన్ చేసి అడిగాను. తెలియదన్నారు.